లోపల వదిలిన గుడ్డ

మొన్న రోహిణి కార్తె ఎండల్లో మా మేనల్లుడి కొడుక్కి పెళ్ళికి ముందు ఫొటోలు తీశారు. ఈ కాలం పద్ధతి ప్రకారం అబ్బాయి రాజు, అమ్మాయి రాణి. అబ్బాయి భుజాల మీంచి నేల దాకా ఎర్ర మఖ్మల్ గుడ్డ వేలాడుతోంది. దాని అంచు పొడుగునా తెల్లటి బొచ్చు, ఆ బొచ్చులో అక్కడక్కడా నల్ల చుక్కలు. అబ్బాయికి చెమటలు కారిపోతున్నాయి. ఫొటోలు తీసే అతను "రాయల్‌గా నవ్వండి సార్" అంటున్నాడు. పిల్లవాడు రాయిలా నవ్వాడు.

అందరూ వాడి మొహం చూస్తుంటే నేను వెనక్కి వెళ్ళి ఆ గుడ్డ అంచు పట్టుకుని తిరగేశాను.

"మామా, అద్దెకు తెచ్చింది. చింపకు" అన్నాడు మా మేనల్లుడు.

చింపడానికి కాదు. పది మందిలో ఉన్నా సరే, ఎవరి బట్ట అంచయినా తిరగేసి లోపల ఏముందో చూడటం నాకొక జబ్బు. నాకు దాన్ని అంటించినవాడు ఒమన్‌లో, సీబ్‌లో, నాతో ఒకే గదిలో ఉన్న దర్జీ. అద్దెగుడ్డ లోపల ఏమీ లేదు. నైలాన్ బొచ్చు, దానికి జిగురు. ఆయన చూసి ఉంటే ఫొటోలు ఆగిపోయేవి, ముహూర్తం కూడా ఆగిపోయేదేమో.

డెబ్భైల మధ్యలో మాట. సీబ్‌లో కొత్త విమానాశ్రయం వచ్చిన తరువాత రోడ్డుకు అటూ ఇటూ విల్లాలు లేస్తున్నాయి. వాటిని లేపే కంపెనీల్లో ఒకదానిలో నేను స్టోర్ కీపర్‌ని. కరీంనగర్‌లో బి.ఏ. చదివి, సముద్రం దాటి వెళ్ళి, నట్లూ బోల్టులూ లెక్కపెట్టే పని సంపాదించాను. కంపెనీ క్యాంపులో మంచాలు చాలక నన్ను బజారులో ఒక దర్జీ దుకాణం వెనక గదిలో పెట్టారు. గదీ దుకాణమూ ఒకే అర్బాబ్‌వి. అర్బాబ్ అంటే అక్కడ యజమాని. ఆ దుకాణంలో కుట్టే మనిషిని అందరూ మాస్టర్ అనేవారు. కడప వైపు మనిషి, యాభై దాటిన వయసు, గోరింట పెట్టిన గడ్డం. నేను మా వైపు అలవాటు కొద్దీ మాస్టర్‌సాబ్ అనేవాణ్ణి. ఆయన నన్ను స్టోరుసామీ అనేవాడు.

ట్రంకుపెట్టె దించకముందే, పేరైనా అడక్కుండా, ఆయన నా చొక్కా కింది అంచు రెండు వేళ్ళతో పట్టుకుని తిరగేశాడు.

"ఎవరు కుట్టినారప్పా ఇది?"

"మా ఊరి టైలరు."

"నీ మీద వానికేమన్నా కోపమా?"

"ఎందుకు?"

"లోపల ఒక్క వేలు గుడ్డ ఇడ్సలేదు. నువ్వు ఇంక ఈ జన్మలో లావు కావని తీర్మానం చేసినాడు."

అప్పుడు నేను నిజంగానే తోటకూర కాడలా ఉండేవాణ్ణి. నా మీద అంత నమ్మకం పెట్టుకున్న మొదటి మనిషి ఈయనే అనుకున్నాను. తరువాత తెలిసింది, ఆ నమ్మకం అందరి మీదా ఉందని. ఆయన ఏది కుట్టినా లోపల నాలుగు వేళ్ళ గుడ్డ మడిచి వదిలేవాడు. తొడుక్కునేవాడు రేపు లావెక్కొచ్చు, పొడుగెదగొచ్చు, తమ్ముడికి ఇచ్చుకోవచ్చు. విప్పుకుంటే బట్ట పెరగాలి. ఒమనీలు తొడిగే పొడుగు చొక్కాలు డిష్‌డాషాలకూ అంతే, పిల్లల లాగులకూ అంతే. ఒకసారి నా దిండుకు గలేబు కుట్టి దాని లోపల కూడా వదిలాడు.

"దిండు గూడ లావెక్కుతదా మాస్టర్‌సాబ్?"

"రేపు కొత్త దూది పెడితే?"

ఇలాంటి మనిషితో వాదనకు దిగితే ఓడిపోయినవాడికి తల నొప్పి, గెలిచినవాడికి కూడా తల నొప్పి. అయితే నాకు గెలిచిన అనుభవం లేదు.

గుడ్డ వదలడంలో ఎంత ధారాళమో, గుడ్డ ఇవ్వడంలో అంత పిసినారితనం. నేను వెళ్ళిన కొత్తలో ఒక్క బట్ట కూడా చెప్పిన రోజుకు ఇచ్చిన పాపాన పోలేదు. "గురువారం తీసుకో" అనేవాడు. గురువారం వెళితే, "గురువారమంటే ఈ గురువారమేనా?" అని ఆయనే నన్ను అడిగేవాడు. గడువు అడిగితే గొడవ. గొడవ ముదిరితే టీ. టీ తాగుతూ వాళ్ళ నాన్న గురించి చెప్పేవాడు. వాళ్ళ నాన్న హైదరాబాదులో ఒక పెద్ద దేవిడీలో, అంటే నవాబుల మేడలో, నవాబుగారి షేర్వానీలు కుట్టాడట. ఇంకోసారి చెప్పినప్పుడు బేగంగారి శాలువాలకు అస్తర్లు వేశాడట. అస్తరంటే లోపలి పొర, ఇప్పటివాళ్ళు లైనింగు అంటారు. మరోసారి గుర్రం వీపు మీద కప్పే గుడ్డ. ఎన్నిసార్లు విన్నా ఆ కథ కొత్తగా ఉండేది. ఎందుకంటే నిజంగానే ప్రతిసారీ కొత్తది.

ఇలాంటి దుకాణం నడవదు. అర్బాబ్ మంచివాడే, హిందీ బాగా మాట్లాడేవాడు, కోపం వస్తే ఇంకా బాగా మాట్లాడేవాడు. ఒకరోజు వచ్చి మాస్టర్‌తో తేల్చి చెప్పేశాడు. బతాకా గడువు వేసవిలో అయిపోతోంది. మత్రా బజారులో కరెంటు మిషను మీద కుట్టే కుర్ర దర్జీ ఒకడు దొరికాడు. ఈలోగా దుకాణానికి పెద్ద పని ఏదైనా పడితే సరి, లేకపోతే బతాకా కొత్తది చేయించేది లేదు, కడపకు టికెట్టు.

బతాకా అంటే లేబర్ కార్డు. బతాకా ఉంటేనే అక్కడ బతుకు. అర్బాబ్ వెళ్ళాక మాస్టర్ చాలాసేపు మిషను పెడల్ మీద కాలు పెట్టుకుని, తొక్కకుండా కూర్చున్నాడు.

"పోతే పోదురు తియ్యండి. ఊర్ల దుకాణం పెట్టుకోరాదా?" అన్నాను.

"ఊర్లో అంగడి మా తమ్మునిది ఇప్పుడు. వానికి సూదిలో దారం ఎక్కించేది నేర్పినోన్ని నేను. పోతే ఆడ ఒక ముక్కాలిపీట ఏస్తాడు, గుండీలు కుట్టమంటాడు. ఈ వయసులో నాకు ఇంకో వీసా ఎవడిస్తాడప్పా?"

ఆ మాటలో ఆయన మామూలుగా కలిపే కల్పన ఏమీ లేదు. అచ్చంగా ఉన్నది ఉన్నంత.

సరిగ్గా ఆ వారంలోనే మా ప్రాజెక్ట్ మేనేజర్ దొరగారి భార్య చెక్కపలకల కోసం స్టోరుకు వచ్చింది. వాళ్ళ క్లబ్బులో ఇంగ్లీషు నాటకం వేస్తున్నారు. శాపం తగిలిన ముసలి రాజు కథ. రంగస్థలానికి పలకలు, రాజుగారికి సింహాసనం, అన్నింటికన్నా ముఖ్యంగా ఒక దర్జీ కావాలి. నా గోడ అవతలే ఒక దర్జీ ఉన్నాడని నోరు జారాను. మాస్టర్‌ను గట్టెక్కిద్దామన్నది నా ఉద్దేశం. దొరగారి చేతిలోనే కంపెనీ కూలీలందరి యూనిఫారాల ఆర్డరు ఉంది. ఆమె మెచ్చుకుంటే ఆ ఆర్డరు ఈ దుకాణానికే. అర్బాబ్‌కు ఆ సంగతి చెబితే ఆయన మాస్టర్ వైపు వేలు చూపించి, "ఈసారి మాట తప్పావో, ఇదే ఆఖరు" అన్నాడు. మాస్టర్‌కు మాటలకేం కొదవ, చేతలు కదా కావలసింది.

దొరసాని పెద్ద పుస్తకం తెచ్చి బల్ల మీద పరిచింది. ఎన్నో వందల ఏళ్ళ కిందటి ఐరోపా రాజులు. భుజాల మీంచి నేల మీద పడి ఇంకా వెనక్కి పారుతున్న ఉత్తరీయాలు. గుడ్డ బయటికి, బొచ్చు లోపలికి, అంచుల దగ్గర మాత్రం బొచ్చు తొంగి చూస్తుంది. రాతి కోటల్లో ఇంట్లో కూడా చలేనట, అందుకని ఇంట్లోనూ అవే. మామూలు ప్రభువులు ఉడుత బొచ్చు వేసుకునేవారు, వీపు ముక్కా పొట్ట ముక్కా వరసగా అతికి. మన ఉడుత వీపును రాముడు నిమిరితే, వాళ్ళ ఉడుత వీపును రాజు ఒలిచాడన్నమాట. అసలు రాజుకైతే మంచుదేశంలో ఉండే చిన్న జంతువు చర్మం. చలికాలంలో అది తెల్లగా మారుతుంది, తోక కొస మాత్రం నల్లగా ఉంటుంది. ఆ తోకలనే చుక్కల్లా కుడతారు.

"మన ముంగిస మాదిరా?" అన్నాడు మాస్టర్.

నేను ముంగిసకు ఇంగ్లీషు వెతుక్కుంటుండగా ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. "ఒక్క రాజు ఈపుకు ఎన్ని ముంగిసలు పోయినాయంట?"

నేను అనువాదం చేశాను. ఆమె చాలా సంతోషపడి పుస్తకంలో మరో పుట తీసింది. ఆమెకు తెలుగు రాదు, ఆయనకు ఇంగ్లీషు రాదు, ఇద్దరికీ ఆ బొచ్చు పిచ్చి మాత్రం సమానంగా వచ్చు. మధ్యలో నా ప్రాణం నలిగిన గుడ్డ. ఎండాకాలం గుమ్మంలో ఉంది, గోడకు వేలాడే థర్మామీటరు చూస్తేనే దాహం వేస్తోంది, వీళ్ళిద్దరూ చలికి ఏ జంతువైతే బాగుంటుందని చర్చ.

మంచు ముంగిసలు ఒమన్‌లో లేవు. మాస్టర్ ఒక పికప్‌లో సహం అనే ఊరికి వెళ్ళి, అక్కడి తోటల వాళ్ళ దగ్గర తెల్ల మేకపిల్లల తోళ్ళు కొనుక్కొచ్చాడు. ఉప్పూ పటికా కలిపిన నీళ్ళలో వాటిని నానబెట్టాడు. దేనిలో? నా బట్టలుతుక్కునే తొట్టిలో. అంతటితో ఆ గదిలో మేకలు చేరినట్టయింది. నా చొక్కాలు మేక, నా దుప్పటి మేక, చివరికి నా భోజనం కూడా. ఆఫీసులో మా గుమాస్తా నా పక్కన కూర్చోవడం మానేసి కిటికీ పక్కకు జరిగాడు.

"మాస్టర్‌సాబ్, ఈ వాసన ఎప్పటికి పోతది?"

"ఆరినాక పోతాది."

"ఎప్పుడు ఆరతది?"

"గురువారం."

ఆ వారం రోజులూ నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయన ఆ సంగతి గమనించినట్టు లేదు.

గుడ్డ కత్తిరించేటప్పుడు మాత్రం చూడటానికి నిలబడ్డాను. నేల మీద మఖ్మల్ పరిచి, మేకుకు తాడు కట్టి, తాడు చివర సుద్దముక్క పట్టుకుని పెద్ద అర్ధచంద్రం గీశాడు. సగం రొట్టె ఆకారం. దాన్ని కత్తిరించి దూలానికి వేలాడదీశాడు. ఏటవాలుగా తెగిన గుడ్డ తన బరువుకు తాను సాగుతుందట, సాగిందంతా సాగాకే అంచు కుట్టాలట. తొందరగా సాగడానికి అంచుకు బరువులు కట్టాడు. ఆ బరువులు ఏమిటా అని దగ్గరికి వెళితే, మా స్టోరు బోల్టులు.

"ఇవి కంపెనీవి గదా!"

"యాడికి పోతాయప్పా? నీ కండ్ల ముందరే ఏలాడతా ఉండాయి."

నిజమే. నా ఉద్యోగం కూడా వాటితో పాటే వేలాడుతోంది.

తోళ్ళను కత్తెరతో కత్తిరించేవాడు కాదు. వెనక వైపు నుంచి బ్లేడుతో తోలు మాత్రమే గీసి విడదీసేవాడు, వెంట్రుక తెగకూడదు. బొచ్చంతా మెడ నుంచి కిందికే పారాలి. "పిల్లిని తల నుంచి తోకకు నిమిరినట్టుండాల. ఎదురు నిమిరితే రాజు కాదు, పంది" అనేవాడు. నల్లమేక బొచ్చు కుచ్చులుగా కట్టి తోకలు చేశాడు. రోజుకు కొన్ని తోకలు, కొన్ని టీలు. దొరసాని వారానికోసారి వచ్చి చూసి, "అద్భుతం" అని నాకు చెప్పి, "ఎప్పుడు అవుతుంది?" అని కూడా నన్నే అడిగేది. నేను మాస్టర్‌ను అడిగేవాణ్ణి. ఆయన ఏం చెప్పేవాడో రాయనక్కర్లేదు. నేను ఇంగ్లీషులో "త్వరలో" అనేవాణ్ణి. బి.ఏ. చదువు అలా అక్కరకొచ్చింది.

ఎన్ని తిప్పలు పడ్డా, ప్రదర్శనకు ఇంకా మూడు రోజులున్నాయనగా ఉత్తరీయం తయారైంది. నేను ఆనందంతో దాన్ని భుజాన వేసుకుని పికప్ దాకా మోద్దామనుకున్నాను. మోయలేకపోయాను. సిమెంటు బస్తాలు మోసేవాళ్ళను పిలిచి ఇద్దరితో ఎత్తించాను.

రిహార్సల్‌లో రాజు వేషం మా కాంక్రీట్ ల్యాబ్ దొరది. అసలే ఆయన నిండుగా ఉండే మనిషి. సింహాసనం మీద కూర్చోబెట్టి, మెడ దగ్గర కొక్కెం పెట్టి, ఉత్తరీయం మెట్ల మీద పరిచారు. చూడటానికి ఎంత బాగుందంటే, నేనే లేచి నమస్కారం పెట్టబోయాను. తెల్ల బొచ్చులో నల్ల తోకలు నిజంగా మంచు కురిసిన పొలంలా ఉన్నాయి. రాజు మంత్రి మీద కోప్పడి దిగ్గున లేవాలి. కోప్పడ్డాడు. లేవలేదు. ఇంకోసారి ఇంకా గట్టిగా కోప్పడ్డాడు. కొక్కెం గొంతుకు పట్టి మొహం ఉత్తరీయం రంగులోకి వచ్చింది. మూడోసారి లేచాడు గాని సింహాసనంతో సహా వెనక్కి వెళ్ళాడు.

నలుగురు పట్టి లేపాక, దొరసాని ఆ గుడ్డ అంచు ఎత్తి చూసింది. అతుకు అతుకు దగ్గరా లోపల నాలుగు వేళ్ళ మఖ్మల్, నాలుగు వేళ్ళ తోలు, బొచ్చుతో సహా మడిచి నీటుగా కుట్టి ఉన్నాయి. అర్ధచంద్రం చుట్టూ అంతే. ఒక ఉత్తరీయం లోపల ఇంకో ఉత్తరీయం.

"ఇది ఎందుకు?" అంది నన్ను చూసి.

నేను మాస్టర్‌ను చూశాను. "ఎందుకు మాస్టర్‌సాబ్?"

"రేపు ఇంతకంటే లావు రాజు వస్తే?"

"ఇంతకన్న లావు రాజు ఈ దేశంల దొరకడు! అయినా ఇది చొక్కా గాదు, భుజాల మీద ఏసుకునేది. లావెక్కినా సన్నబడ్డా దీనికేం పని?"

"పొడుగెదిగితే?"

"ఆయనకు యాభయ్యేండ్లు!"

ఈ మాటలన్నీ ఇంగ్లీషులోకి ఎలా తేవాలి? "అలవాటు, మేడమ్" అన్నాను. ఆమె నవ్వలేదు. రేపు సాయంత్రానికి బరువు తగ్గించి తెస్తే సరే, లేకపోతే రాజుకు క్లబ్బు కర్టెను కప్పుతామని, యూనిఫారాల సంగతి కూడా దొరగారితో ఇంకోలా మాట్లాడాల్సి వస్తుందని చెప్పింది. అర్బాబ్ అక్కడే ఉన్నాడు. బయటికి వచ్చాక మాస్టర్‌తో ఒక్కటే అన్నాడు. "కోసెయ్యి. లేదా సామాను సర్దుకో."

మరునాడు మధ్యాహ్నం దుకాణం తలుపులు దగ్గరకు వేసి కూర్చున్నాం. ఉత్తరీయం బల్ల మీద తిరగబడి పడుకుని ఉంది. బ్లేడు దాని పక్కన. మాస్టర్ దాన్ని ముట్టుకోడు.

"ఎంతసేపు మాస్టర్‌సాబ్? కోత కోసి మల్ల కుట్టుడే గదా!"

"కోసేది ఎంతసేపప్పా. మళ్ళ అతికించలేం."

"ఎవరు అతికించమన్నరు?"

"నీకు తెల్దులే, గమ్మునుండు."

"తెల్వకనే అడుగుతున్న. ఇంత మొండితనం ఏంది?"

ఆయన గడ్డం నిమురుకుని నెమ్మదిగా అన్నాడు. "లోపల గుడ్డ ఇడ్సకుండా కత్తిరించేది ఒకటుంటాదప్పా. కఫన్. పోయినోనికి కప్పే గుడ్డ. వాడింక ఎదిగేది లేదు, తగ్గేది లేదు. అది దప్ప నా చేత్తో ఇంకోటి అట్ల కత్తిరించలేదు. మా నాయన గూడా కత్తిరించలేదు."

వాళ్ళ నాన్న విషయంలో మొట్టమొదటిసారి నేను నమ్మిన మాట అది. నమ్మాను గనక ఇంకా చిరాకు పుట్టింది. నిన్నటి దాకా సరదాగా వేళాకోళం చేసిన అలవాటుకు ఇంత లోతు ఉందంటే నేనేం చేయాలి? సాయంత్రానికి ఉత్తరీయం కావాలి. వేసవికి బతాకా కావాలి.

"సరే, కోయకుండ్రి," అన్నాను. "మీ తమ్ముడు పీట ఏసే ఉంచిండట గదా. గుండీలు కుడుతురు పోండ్రి."

ఆయన నా వైపు చూడలేదు. బ్లేడు తీసుకుని వెలుతురుకు పట్టి చూసి, "నువ్వు బయట కూసో, స్టోరుసామీ" అన్నాడు.

బయట బెంచీ మీద కూర్చున్నాను. టీ రెండుసార్లు చల్లారింది. లోపల మిషను ఆగకుండా నడిచిన చప్పుడు అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. తలుపు తీసేసరికి ఉత్తరీయం మడిచి ఉంది. నేల మీద తెల్ల బొచ్చు, ఎర్ర గుడ్డ పేలికలు, తోకలు. ఆయన వాటిని ఒక గోనెసంచిలో ఎత్తుతున్నాడు. చెప్పిన వేళకంటే ముందే అయింది.

నాటకం బ్రహ్మాండంగా ఆడింది. రాజు దిగ్గున లేచాడు, గిర్రున తిరిగాడు, ఉత్తరీయం వెనకాల గాలిలో లేచి పడింది. జనం చప్పట్లు కొట్టారు. దొరసాని మాస్టర్ చేయి పట్టుకుని ఊపింది. యూనిఫారాల ఆర్డరు అర్బాబ్‌కు వచ్చింది, బతాకా మాస్టర్‌కు వచ్చింది. అందరికీ అన్నీ వచ్చాయి. నాకు వాసన పోయిన తొట్టి వచ్చింది.

ఇక్కడితో ఈయన గురించి రాయడం ఆపేయొచ్చు. కానీ నా అసలు చిరాకు అక్కడే మొదలయింది.

యూనిఫారాలు అనుకున్న తేదీకి వచ్చేశాయి. ముందు నేను నమ్మలేదు. మాస్టర్‌కు జ్వరమేమో అనుకున్నాను. కట్టలు విప్పి ఒక్కో చొక్కా అంచు తిరగేసి చూశాను. లోపల దారం పట్టేంత గుడ్డ, అంతే. ఆర్మూరు నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ ఒకాయన కంపెనీ తిండి తిని కాస్త ఒళ్ళు చేసి, చంకల కింద పట్టేస్తోందని చొక్కా వెనక్కి తెచ్చాడు. మాస్టర్ దాన్ని తిరగేసి చూసి, "ఏం లేదప్పా లోపల. కొత్తది ఇంకొకటి తీసుకో" అన్నాడు. అంతకుముందు అదే మాట ఇంకే దర్జీ అన్నా వాణ్ణి మనిషిగా లెక్కవేసేవాడు కాదు.

గురువారమంటే గురువారమే అయిపోయింది. నేను అడగబోయే ముందే బట్టలు కాగితంలో చుట్టి ఉండేవి. గొడవ లేదు. గొడవ లేదు గనక టీ లేదు. టీ లేదు గనక వాళ్ళ నాన్న లేడు, నవాబు లేడు, గుర్రం లేదు. అర్బాబ్ దుకాణానికి కొత్త బోర్డు పెట్టించాడు. కరెంటు మిషను కొన్నాడు. దాని ముందు మాస్టర్ వేళకు కూర్చుని వేళకు లేచేవాడు. కొత్తగా వచ్చిన వాళ్ళ చొక్కా అంచు పట్టుకుని తిరగేయడం కూడా మానేశాడు. పేరు అడిగేవాడు, కొలత రాసుకునేవాడు.

"మాస్టర్‌సాబ్, జర లోపల గుడ్డ వదలండ్రి" అని ఒకసారి నేనే అన్నాను.

"ఎవరడిగినారప్పా?" అన్నాడు తల ఎత్తకుండా.

అలా రెండు మూడేళ్ళు. ఇంత మర్యాదైన మనిషితో ఒకే గదిలో ఉండటం నాకు చేతకాలేదు. ఆయనతో పోట్లాడుతున్నన్నాళ్ళూ నేను కూడా ఒక మనిషినన్న గుర్తు ఉండేది.

నేను ఉద్యోగం వదిలి ఇంటికి వచ్చేస్తున్నప్పుడు ప్రయాణానికి ఒక చొక్కా కుట్టమన్నాను. గుడ్డ మత్రాలో కొన్నాను, నీలం గీతలది.

"ఎప్పటికి కావాల?"

"శుక్రవారం విమానం."

"గురువారం తీసుకో."

గురువారం వెళ్ళాను. చొక్కా సిద్ధంగా ఉంది. తొడిగితే ఒంటికి అచ్చు గుద్దినట్టుంది. అంచు తిరగేశాను. ఏమీ లేదు.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఎందుకో ఆ కోపాన్ని ఆపుకోవాలనిపించలేదు.

"ఏంది మాస్టర్‌సాబ్ ఇది? నేను ఇంటికి పోతున్న. పెండ్లి చేసుకుంట, తింట, లావెక్కుత. పొట్ట రాదా నాకు? పిల్లలు పుట్టరా? ఏడున్నది లోపల గుడ్డ? ఏమనుకుంటున్నరు నా గురించి?"

దుకాణంలో ఉన్న ఒమనీ కొనుగోలుదారు భయపడి ఒక అడుగు వెనక్కి వేశాడు. మాస్టర్ మిషను ఆపాడు. నా మొహం చూశాడు, నా పొట్ట చూశాడు. అప్పటికి అది ఇంకా ఆశ మాత్రమే.

"విప్పేదా?" అన్నాడు.

"విప్పండి."

"గుడ్డ తక్కువుండాది. జత కలిసే గుడ్డ మత్రాలో ఎతకాల. చంకల కాడ ముక్క ఏసి, పక్కలంతా మళ్ళ కుట్టాల."

"ఎయ్యండి."

"ఇమానం?"

"దాని దారి దానిది."

ఆయన చొక్కా నా ఒంటి మీంచి విప్పించి, రెండు వేళ్ళతో అంచు పట్టుకుని తిరగేసి, చాలాసేపు చూశాడు. తరువాత మిషను పక్కన పెట్టి, బ్లేడుతో మొదటి కుట్టు తెంపాడు. పెదవుల మధ్య సూది పెట్టుకుని, దాని సందులోంచి అన్నాడు.

"సరే అయితే. శనివారం రా."

"ఏ శనివారం?" అన్నాను.

"టీ చెప్పు," అన్నాడు మాస్టర్. "మా నాయన దేవిడీలో ఉన్నప్పుడు ఒకసారి ఏం జరిగిందంటే..."

మరునాడు పాత చొక్కాతోనే విమానమెక్కాను. ఆ కొత్త చొక్కా నాకింకా అందలేదు.